ఫిల్ము లాగే చెయ్యి

మా బావ చొక్కాని వెనక్కి తిప్పి తొడుక్కుంటాడు. గుండీలు వీపు మీదికి వస్తాయి. కొత్తగా చూసినవాళ్లు ఈయనకి మతి సరిగ్గా ఉందా అన్నట్టు చూస్తారు. మతికేం, నిక్షేపంగా ఉంది. ఆయన చేసే పని అలాంటిది. కారు బానెట్ ఎత్తి, లోపల ఇంజను చుట్టూ అద్దంలా మెరిసే స్టీలు రేకులు బిగిస్తాడు. వంగి పనిచేసేటప్పుడు గుండీ ఒక్కటి రాసుకుందంటే రేకు మీద గీత పడుతుంది. ఆ గీత ఇక పోదు. అందుకే మా షాపులోకి వచ్చేవాళ్లెవరైనా ఉంగరం, గడియారం, బెల్టు గుమ్మం పక్కనున్న డబ్బాలో వేసి రావాలి. ఒక పెద్దమనిషి బెల్టు తీసేసి, జారిపోయే ప్యాంటుని రెండు చేతులా పట్టుకుని, పనంతా అయ్యేదాకా అలాగే నిలబడ్డాడు. బావకి నవ్వు రాలేదు. నేను మాత్రం వెనక గదిలోకి పరిగెత్తి కడుపు పట్టుకుని నవ్వాను.

వీధిలో ఆయన్ని తళతళ మేస్త్రి అంటారు. కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది. ఆయన ఇంట్లో ఇంకో ముక్కోపి చేరింది, అది నేను. ఇద్దరి మధ్యా నలగకుండా, ఇద్దరి నోళ్లూ మూయించగలిగిన మనిషి మా అక్క ఒక్కతే.

నేను వాళ్లింటికి ఎలా వచ్చానో చెప్పాలి. నేను బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో నమూనాలు కత్తిరించేదాన్ని. ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఒక సంచిలో బట్టలు సర్దుకుని, నాలుగు రోజులుండి వెళతానని అక్క ఇంటికి వచ్చాను. ఎక్కడికి వెళతానో నాకే తెలియదు. మర్నాడు పొద్దున బావ నన్ను షాపులోకి పిలిచాడు. నా చేతిలో మందపాటి కాగితం, కత్తెర పెట్టి, ఎత్తి ఉన్న ఒక బానెట్ చూపించి, "దీనికి కొలత తియ్యి" అన్నాడు. ఎన్నాళ్లుంటావని అడగలేదు. ఉద్యోగం ఏమైందని అడగలేదు. ఆ పూట ఒక్క మాట సానుభూతిగా అని ఉంటే నేను సంచి సర్దుకుని వెళ్లిపోయేదాన్ని. ఆయన అనలేదు. అందుకు ఆయన మేలు నేను ఎన్నటికీ మరిచిపోను. ఇంతవరకూ ఆయన మొహం మీద ఆ మాట అనలేదు, అంటే ఏదో వెటకారం చేస్తాడని.

బానెట్ కింద ఉండేది ఎవరు చూస్తారు బావా అని మొదట్లోనే అడిగాను. ఎత్తినవాడు చూస్తాడు అన్నాడు. ఆ తర్వాత నాకే తెలిసింది. కొందరికి ఆ ఎత్తడంలోనే ఉంది సంబరమంతా. నలుగుర్నీ చుట్టూ నిలబెట్టి, బానెట్ కింద మీట నొక్కి పైకెత్తి, మాట్లాడకుండా పక్కకి జరుగుతారు. లోపల నూనె మరకలు, మట్టి పట్టిన గొట్టాలు ఉండాల్సిన చోట వెండి పళ్లెం లాంటి మెరుపు ఉంటుంది. రేడియేటరు మీద ఒక పట్టీ, రెండు పక్కలా రెండు పెద్ద రేకులు, బ్యాటరీకి ఒక మూత, నీళ్ల డబ్బాకి, నూనె పోసే చోటికి చిన్న చిన్న టోపీలు. ఇంజను మారదు, వేగం పెరగదు. ఆ కారుగల మనిషి నడక మాత్రం మారుతుంది.

పని చూడ్డానికి తేలిక. ముందు నేను కాగితం పరిచి, ప్రతి స్క్రూ తలకీ బోల్టుకీ వేలితో నొక్కి గుర్తు పెట్టుకుని, నమూనా కత్తిరిస్తాను. మనిషికి చొక్కా కుట్టడం దీనికంటే సుళువు. మనిషైతే ఊపిరి బిగబట్టి కాస్త సర్దుకుంటాడు, కారు సర్దుకోదు. వైరు నలగకూడదు, రబ్బరు గొట్టానికి అంచు తగలకూడదు. ఆ నమూనా ప్రకారం బావ రేకు కోసి, అంచులు అరగదీసి, చక్రం మీద మెరుగు పెడతాడు. అది చేతికి వచ్చిన వెంటనే మీద పల్చటి ప్లాస్టిక్ ఫిల్ము అంటిస్తాడు, బిగించేటప్పుడు గీతలు పడకుండా. ఆ తర్వాత రేకు వెనక రెండువైపులా అంటుకునే టేపు వేసి, దాని మీది కాగితం తియ్యకుండా రేకుని ఉత్తినే పెట్టి చూస్తాడు, తీస్తాడు, మళ్లీ పెడతాడు. చుట్టూ వేలు తిప్పి సందు సమంగా ఉందో లేదో చూస్తాడు. అంతా కుదిరాకే కింద చోటుని స్పిరిట్‌తో తుడిచి, టేపు మీది కాగితం లాగి నొక్కుతాడు. ఒకసారి అంటుకుంటే మరి జరపడానికి లేదు. ఆ క్షణంలో షాపులో ఎవరూ తుమ్మకూడదు.

చివరి పని అక్కది. ఫిల్ము మూల లేపడం. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. ఆ ఫిల్ము ఉల్లిపొర కంటే పల్చన, అంచు కంటికి ఆనదు. గోరు గట్టిగా దించితే రేకు గీసుకుంటుంది, మెత్తగా దించితే మూల లేవదు. బావ వేళ్లు చక్రం మీద మొద్దుబారిపోయాయి, నావి తొందరపడతాయి. అక్క మాత్రం కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ అలా ఆనిస్తే చాలు, మూల లేచి నిలబడేది. ఆ మూలని కారుగల మనిషి చేతికి అందించేది. మిగతాది వాళ్లే లాగాలి. అది మా షాపు పద్ధతి. కొందరు భార్యని పిలిచి లాగించేవాళ్లు, కొందరు కూతుర్ని. బుసలు కొట్టుకుంటూ వచ్చిన మొగుడూ పెళ్లాలు ఇద్దరూ కలిసి ఒకే ఫిల్ము లాగి, నవ్వుకుంటూ వెళ్లడం కూడా నేను చూశాను.

ఆ వెంటనే బావ ఉపన్యాసం మొదలవుతుంది. ఇంజను వేడిగా ఉండగా తుడవకూడదు. గిన్నెలు తోమే స్టీలు పీచు దగ్గరికి రానివ్వకూడదు, దాని తునకలు రేకులో ఇరుక్కుని చుక్కలు చుక్కలుగా తుప్పు పడతాయి. మెత్తటి నూలు గుడ్డ, కాసిన్ని సబ్బునీళ్లు, మెరుగు గీతలు ఎటు ఉంటే అటే తుడవాలి, గుండ్రంగా తిప్పకూడదు, తడి ఆరకముందే పొడిగుడ్డతో ఒత్తాలి. అన్నిటికంటే ముఖ్యం, ఫిల్ము తియ్యకుండా ఇంజను స్టార్ట్ చెయ్యకూడదు. ఇంట్లో అమ్మ చేత లాగిస్తానండీ అని ఎవరో ఫిల్ముతోనే కారు తీసుకెళ్లి, పది రోజులు తిరిగి, ఆనక లబోదిబోమంటూ వస్తారు. వేడికి ఫిల్ము ఉడికి, రేకుని అంటి పెట్టుకుని, పచ్చగా మారి, లాగితే గోరంత ముక్కలుగా విరుగుతుంది. వాళ్లని బావ దులిపేసే తీరు చూస్తే నాకే జాలేసేది. "కారుకి కళ్లు లేవు, నీకు ఉన్నాయి కదా" అన్నది ఆయన మొదటి మాట. తర్వాతవి రాయడానికి బాగుండవు.

ఇంతమంది కార్లకి మెరుగులు దిద్దిన మనిషి సొంత కారు బానెట్ కింద మాత్రం దుమ్మూ జిడ్డే. అక్క ఎన్నేళ్లుగానో దెప్పిపొడుస్తూనే ఉంది. చివరికి ఆయనకే పౌరుషం వచ్చింది. నేను నమూనాలు కత్తిరించాను, ఆయన రేకులు కోశాడు. అక్కకి తెలియనివ్వకూడదని వెనక షెడ్డులో చేశాం. అక్కకి మొదటి రోజే తెలిసిపోయిందని మాకు తర్వాత తెలిసింది, అది వేరే సంగతి. ఒక పొద్దున అన్నీ బిగించాం. భోజనాలయ్యాక అక్కని పిలిచి, మూల లేపించి, ఆమె చేతే లాగిద్దామనుకున్నాం.

భోజనాల వేళకి అక్క చేతులు కడుక్కుంటూ పంపు దగ్గర పడిపోయింది. నోరు ఒక పక్కకి వంగింది. ఏదో చెప్పబోయింది, మాట రాలేదు. బావ ఆమెని రెండు చేతులా ఎత్తి, ఎదురుగా ఉన్న కార్లో పడుకోబెట్టి, ఎలా నడిపాడో ఆయనకే తెలియాలి, ఆసుపత్రికి చేర్చాడు. మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. సకాలంలో తెచ్చారు, ప్రాణానికి భయం లేదన్నారు. ఆ మాట విన్నాక బావ అక్కడే నేల మీద కూలబడ్డాడు. వెనక గుండీల చొక్కా ఇంకా ఒంటి మీదే ఉంది.

అక్కకి మాట మెల్లగా తిరిగొచ్చింది, ముద్దముద్దగా అయినా అర్థమయ్యేది. కాలు ఈడ్చుకుంటూ నడవగలిగింది. కుడిచెయ్యి మాత్రం లేవలేదు. భుజం కాస్త కదిలేది, వేళ్లు కదిలేవి కావు. చెంచా పెడితే జారిపోయేది. ఆసుపత్రిలో వ్యాయామం చేయించే ఫిజియో అమ్మాయి దాపరికం లేకుండా చెప్పింది. మొదటి కొన్ని నెలలే ముఖ్యం, ఈ లోపల వేళ్లకి పని చెప్తే తిరిగొస్తాయి, వదిలేస్తే అలాగే ఉండిపోవచ్చు అంది. రోజూ చేయించాల్సిన కసరత్తులు నేర్పి, రబ్బరు బంతి, మెత్తటి బంకముద్ద, బట్టల క్లిప్పులు ఇచ్చి ఇంటికి పంపింది.

ఇంటికొచ్చాక అక్క కొన్నాళ్లు చేసింది. ఆపైన మానేసింది. చిన్నపిల్లల ఆటలు నాకెందుకు అంది. బంతిని మంచం కిందికి దొర్లించింది. కుడిచేతి మీద ఎప్పుడూ తువ్వాలు కప్పుకుని కూర్చునేది, అది తన చెయ్యి కానట్టు, ఎవరో ఒళ్లో పెట్టి పోయినట్టు. షాపు వైపు వచ్చేదే కాదు. నేను బతిమాలాను, అరిచాను, అలిగాను. మామూలుగా నా అరుపుకి గోడలు కూడా దారికొస్తాయి. అక్క మాత్రం నా మొహం కేసి చూసి తల తిప్పుకునేది. చిన్నప్పుడు నాకు తల దువ్వింది ఆ చేత్తోనే. రాత్రుళ్లు దుప్పటి సరిచేసింది ఆ చేత్తోనే. అది అలా తువ్వాలు కింద పడి ఉంటే నాకు గుండె కోసినట్టుండేది.

బావ దగ్గర మాత్రం ఒక ఆశ మిగిలింది. సొంత కారు మీది ఫిల్ము. అది అక్క చెయ్యే తియ్యాలని ఆసుపత్రిలోనే అనుకున్నాడట. అందుకే బానెట్ ఎత్తి కూడా చూడలేదు, అక్క లేకుండా ఆ మెరుపు చూడ్డం ఇష్టం లేక. ఒక సాయంత్రం అక్కని చెయ్యి పట్టి షాపులోకి నడిపించుకొచ్చాడు. కారు ముందు స్టూలు వేశాడు. నువ్వు ఒక్క మూల లేపితే చాలు, మిగతాది మేం చూసుకుంటాం అన్నాడు. ఆయన గొంతులో అంత మెత్తదనం నేను ఎప్పుడూ వినలేదు. అక్క మొహంలో కూడా ఏదో కదిలింది. తువ్వాలు తీసి పక్కన పెట్టింది. బావ బానెట్ ఎత్తాడు.

ఫిల్ము పచ్చగా ఉంది. ముడతలు పడి, అక్కడక్కడా బుడగలు లేచి, పొగగొట్టం వైపైతే గోధుమరంగులోకి తిరిగి, రేకుని కరిచిపెట్టుకుని ఉంది.  రోజూ ఆసుపత్రికి వెళ్లి వచ్చింది ఆ కార్లోనే. ఎండలో, ట్రాఫిక్కులో, ఇంజను గంటల తరబడి ఆడింది. ఏ పని చెయ్యొద్దని కస్టమర్ల దగ్గర గొంతు చించుకున్నాడో ఆ పని ఆయనే చేశాడు. నేను ఉపన్యాసం విన్నదాన్నేగా, నాకైనా గుర్తు రావద్దా, రాలేదు.  అక్కకి ధైర్యం చెప్పడానికి బావ దాచుకున్న ఒకే ఒక్క ఆశ అలా ఉడికిపోయి ఎదురుగా ఉంది.

అప్పుడు అక్క నవ్వింది. నోరు సగమే కదిలింది, కానీ అది నవ్వే. పడిపోయాక మొదటి నవ్వు. నవ్వి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ, "ఈ కారుగలాయన్ని పిలవండి," అంది. "కారుకి కళ్లు లేవు, ఆయనకి ఉన్నాయి కదా."

బావ కూడా నవ్వాడు, కానీ ఆయనది ఏడుపులాంటి నవ్వు. వెంటనే అల్మరాలోంచి స్పిరిట్ సీసా, గుడ్డలు తెచ్చాడు. ఇప్పుడే నానబెట్టి గీకేస్తాను, రేపటికల్లా శుభ్రం చేసి కొత్త ఫిల్ము అంటిస్తాను, అది నువ్వు లాగుదువుగాని అని హడావుడి పడ్డాడు. అక్క ఎడమచెయ్యి అడ్డం పెట్టింది. ముట్టుకోవద్దంది. ఇది ఎలా తీయాలో తనకి తెలుసునంది. నిజమే, ఉడికిన ఫిల్ముతో వచ్చే కార్లన్నిటికీ బావ అరుపు ఒక పక్క సాగుతుంటే, గోరువెచ్చటి సబ్బునీళ్లతో తడిపి, ఓపిగ్గా గిల్లి గిల్లి తీసేది అక్కే.

మర్నాడు పొద్దున్నుంచి పని మొదలుపెట్టింది. నేను వేణ్నీళ్లు కాచి, సబ్బు కలిపి, గుడ్డ తడిపి రేకు మీద పరిచేదాన్ని. కాసేపు నానాక గుడ్డ తీసి పక్కకి తప్పుకోవాలి. అక్క ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి రేకు మీద పెట్టుకునేది. ఆ తర్వాత కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి రావాలి. వచ్చేవి కావు. మొదటి రోజు పొద్దుటి పూటంతా ఆ రెండు వేళ్లు ఒకదాన్నొకటి చూసుకుంటూ కూర్చున్నాయి. నుదుటి మీద చెమట పట్టింది. సాయంత్రం ఎడమచెయ్యి దొంగతనంగా సాయం వెళ్లబోతే నేను చూసి గయ్యిమన్నాను. అక్క చెయ్యి వెనక్కి తీసుకుంది. మరి బంతి నొక్కమంటే ఇంత పట్టుదల లేదేమే అని నేనడిగితే, బంతిని నొక్కితే ఏమొస్తుందే, ఇది తీస్తే రేకు బయటపడుతుంది కదా అంది.

ఆ జవాబు నాకు ఫిజియో అమ్మాయికి చెప్పాలనిపించింది. వారానికోసారి అక్కని చూడ్డానికి ఇంటికి వచ్చినప్పుడు చెప్పాను కూడా. ఆ అమ్మాయి కారు దగ్గరికొచ్చి, బెల్టు డబ్బాలో వేసి, చాలాసేపు చూసి, దీన్ని మించిన కసరత్తు నా దగ్గర లేదు, ఇదే చెయ్యనివ్వండి అంది. మోచెయ్యి ఎక్కడ ఆనించాలో, ఎప్పుడు ఆపి విశ్రాంతి ఇవ్వాలో చూపించింది. ఆ అమ్మాయి చల్లగా ఉండాలి.

మొదటి ముక్క ఊడిన రోజు నాకు బాగా గుర్తుంది. బియ్యపుగింజంత ఉంది. అక్క దాన్ని వేలి కొనకి అంటించుకుని వెలుతురుకి పెట్టి చూసుకుంది. నేను వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుని వచ్చి, ఇంతోటి ముక్కకేనా అని వెక్కిరించాను. ఆ తర్వాత రోజుకి రెండు, మూడు. ఒక్కోరోజు ఏమీ లేదు. ముక్క ఊడిన చోట రేకు తళుక్కుమనేది. అందులో అక్క కన్ను ఒకటి కనిపించేది, ఇంకో రోజుకి కనుబొమ్మ కూడా.

ఆ రోజుల్లో కారు కదల్లేదు. ఇంజను వేడెక్కితే మిగిలిన ఫిల్ము ఇంకా ఉడుకుతుందని బావ తాళం నాకిచ్చేశాడు. సామాను తేవడానికి సైకిలు మీద వెళ్లేవాడు. కస్టమర్ల కార్లు వీధిలోనే నిలబెట్టి పనిచేసేవాడు, షాపులో చోటంతా సొంత కారుదే. ఎవరైనా విసుక్కుంటే, లోపల ఒక పెద్ద పని నడుస్తోంది, కాస్త ఓర్చుకోండి అనేవాడు. బావ నోట ఓర్చుకోండి అనే మాట విని వీధి వీధంతా ఆశ్చర్యపోయింది.

ఇంత బుద్ధిమంతుడు ఒక తప్పు చేశాడు. అక్క అవస్థ చూడలేక, పొద్దున్నే ఆమె లేవకముందే షాపులోకి వెళ్లి, అంచులకి వంటనూనె రాసి, మూలలు కొంచెం కొంచెం లేపి ఉంచడం మొదలుపెట్టాడు. అక్కకి ముక్కలు జోరుగా రావడం మొదలైంది. నేను కూడా నిజమే అనుకుని పొంగిపోయాను. అక్క రెండో రోజే ఆగి, రేకుని ఎడమచేతి వేలితో తడిమి, ఆ వేలు వాసన చూసుకుంది. లేచి, కాలు ఈడ్చుకుంటూ ఇంట్లోకి వెళ్లి తువ్వాలు కప్పుకుని కూర్చుంది. బావ వెనకే వెళ్లి, నీకు కష్టం తగ్గుతుందని చేశానే అని నసిగాడు.

"నా చేతి మీద మీకు నమ్మకం లేదా?" అంది అక్క.

 ఆ రోజూ మర్నాడూ అక్క షాపు మొహం చూడలేదు.  ఫిజియో అమ్మాయి చెప్పిన నెలలు కరిగిపోతున్నాయి. వేళ్లు ఇప్పుడిప్పుడే కదులుతున్నాయి. ఇక్కడ ఆగితే అంతే సంగతులు అని ముగ్గురికీ తెలుసు. నేను బావని పట్టుకుని నోటికొచ్చినట్టు దులిపేశాను. ఆయన కస్టమర్లని తిట్టే తిట్లన్నీ ఆయనకే అప్పజెప్పాను.  నా జీవితంలో ఆయన నా మాట పూర్తిగా విన్నది అప్పుడే.

మూడో రోజు పొద్దున బావ అక్క ముందు కూర్చుని, ఇకమీదట కారు వైపు చూడనన్నాడు. నమ్మకం ఉంది, భయం కూడా ఉంది, ఆ భయమే నా చేత అది చేయించింది అన్నాడు.  అక్క ఎడమచెయ్యి చాచింది, లేవదియ్యమని. ఆ రోజు నుంచీ అక్క పనిచేస్తున్నంతసేపూ బావ గుమ్మం మెట్టు మీద వీధి వైపు తిరిగి కూర్చునేవాడు. మాకు కనిపించేది ఆయన వీపు, వీపు మీద గుండీల వరస. ముక్క ఊడిన చప్పుడు వినిపిస్తే ఆ వీపు కాస్త నిటారుగా అయ్యేది. తిరిగి మాత్రం చూసేవాడు కాదు. అంత కోపిష్టి మనిషికి అంత నిగ్రహం ఎక్కడిదో. మా అక్క మీద ఆయనకున్న ప్రేమ కొలత నాకు ఆ వీపు చూశాకే తెలిసింది.

పక్క రేకులు రెండూ తేలాయి. బ్యాటరీ మూత తేలింది. టోపీలు తేలాయి. వేళ్లు మొదట దగ్గరికి రావడం నేర్చుకున్నాయి, తర్వాత ఆనడం, తర్వాత గిల్లడం. భోజనం దగ్గర చెంచా నిలబడింది. ఒకసారి మెతుకులు ఒళ్లో పడ్డాయి, మరోసారి పడలేదు. తీసిన చోట మిగిలిన జిగురుని నేను నూనెతో కరిగించి, మెరుగు గీతల వెంట తుడిచి, సబ్బునీళ్లతో కడిగి, పొడిగుడ్డతో ఒత్తేదాన్ని. ఒక్క గీత పడలేదు. అక్క గోరు మర్యాద మరిచిపోలేదు.

చివరికి రేడియేటరు మీది పట్టీ ఒక్కటే మిగిలింది. అది ముందువైపు ఉంటుంది కాబట్టి గాలి తగిలి, మీది ఫిల్ము పెద్దగా ఉడకలేదు. రంగు కాస్త మారిందంతే. సులువైనదని అక్క దాన్ని కావాలనే చివరికి ఉంచుకుందట. ఆ పొద్దున తలస్నానం చేసి, నా చేత తల దువ్వించుకుని వచ్చి స్టూలు మీద కూర్చుంది. గుడ్డ తడపబోతే వద్దంది. కుడిచెయ్యి తనంతట తానే లేచింది, ఎడమచెయ్యి ఒళ్లోనే ఉంది. బొటనవేలూ చూపుడువేలూ మూల మీద ఆనాయి. వెంటనే లేవలేదు. మళ్లీ ఆనాయి.  మూల లేచి నిలబడింది.

అక్క వేళ్లు దాన్ని పట్టుకుని మెల్లగా పక్కకి నడిచాయి. ఫిల్ము చిరచిరమంటూ, విరగకుండా, ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒకే పొడుగాటి రిబ్బనులా ఊడి వచ్చింది. కింద రేకు చల్లగా మెరుస్తోంది. అందులో అక్క మొహం అంతా కనిపిస్తోంది, వంకరగా నిలిచిన పెదవి, పక్కన నా మొహం, వెనకాల వాకిట్లో బావ వీపు.

"ఏవండీ, ఇటు రండి," అంది అక్క.

బావ లేచి వచ్చాడు. రేకు వైపు చూడలేదు, అక్క చేతి వైపే చూశాడు. ఆ చేతిలోంచి ఫిల్ము కిందికి వేలాడుతోంది. పారేస్తానిలా ఇవ్వు అంటూ ఆయన రెండో కొస అందుకుని లాగాడు. అది రాలేదు. ఇరుక్కుందేమోనని వంగి చూశాడు. ఎక్కడా ఇరుక్కోలేదు, కుడిచేతి రెండు వేళ్ల మధ్య ఉంది, అంతే.

"లాగండి," అంది అక్క.

బావ ఇంకాస్త గట్టిగా లాగాడు. ఫిల్ము బిగుసుకుంది. అక్క గోళ్లు తెల్లబడ్డాయి, వేళ్లు మాత్రం వదల్లేదు. బావ ఆ కొస పట్టుకునే నేల మీద చతికిలబడి వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టాడు. అక్క అటు వైపు నుంచి వదలకుండా పట్టుకునే ఉంది.